రెండు తట్టల తక్కెడ: అడివి బాపిరాజు కళాజీవితము



భావనపాడు తీరమున తెల్లవారుజామున నిలిచి చూచిన వారికి ఒక దృశ్యము పరిచితమే. ఇసుకపై ఆరబెట్టిన నావకు ఒక మత్స్యకారుడు రంగు వేయుచుండును. నీలిచార ప్రక్కన ఎర్రచార, నడుమ ఇలవేల్పు పేరు. ఎండ ఎక్కునప్పటికి ఆ మనిషే పదిమందితో కలిసి వలతాడు లాగుచు పాట అందుకొనును. నీవు చిత్రకారుడవా, గాయకుడవా అని అతనిని ఎవరును అడుగరు. అడిగినచో, వేట చేసుకొని బ్రతుకువాడనని చెప్పును.

చదువుకొన్న మన ఇండ్లలో సంగతి వేరు. పుస్తకముల అట్టలు, పోస్టర్లు రూపొందించు విద్య నేర్చుకొందునా, సంగీతము నేర్చుకొందునా అని ఏటేటా ఒకరిద్దరు విద్యార్థులైనను మమ్ము అడుగుచునే యున్నారు. రెండును కావలెనన్న కోరిక వారి కన్నులలో కనబడుచుండును. రెండు పడవలపై కాళ్లు పెట్టరాదని ఇంటిలో పెద్దలు హెచ్చరించి యుందురు. ఆ హెచ్చరికలో ప్రేమ కలదు, భయమును కలదు. కడుపు నిండు మార్గమేదో తెలియక కలిగిన భయమది. దానిని తేలికగా త్రోసివేయుట ఉపాధ్యాయునకు తగదు. అందుచేత ఉపదేశమునకు మారుగా ఒక జీవితమును మీ ముందుంచదలచినాము.

మొదట వంగదేశపు ఉదాహరణము ఒకటి. సత్యజిత్ రాయ్ 1943లో కలకత్తాలోని డి. జె. కీమర్ అను ప్రకటనల సంస్థలో చిత్రకారుడుగా చేరినారు. పుస్తకములకు అట్టలు రూపొందించినారు, అచ్చు అక్షరములకు కొత్త రూపములు కల్పించినారు. 1952లో పథేర్ పాంచాలీ చిత్రీకరణము ఆరంభించినప్పుడు కూడ ఉద్యోగము విడువలేదు, సెలవు దినములలోనే పని సాగించినారు. ఆ చిత్రము 1955లో విడుదలైనది. 1961 నాటి తీన్ కన్యా మొదలుకొని తన చిత్రములకు తానే సంగీతము కూర్చుకొన్నారు. బొమ్మ గీసిన చేయి స్వరము వ్రాయుటకు పనికిరాదను మాట నిజము కాదని చెప్పుటకు ఈ ఒక్క జీవితము చాలును.

అయితే మన తెలుగునాట ఇట్టివారు లేరా? కలరు. అడివి బాపిరాజు గారు 1895 అక్టోబరు 8న భీమవరము ప్రాంతమున జన్మించినారు. రాజమహేంద్రవరము కళాశాలలో వారికి ప్రిన్సిపాలు ఓస్వాల్డ్ కూల్డ్రే దొర అండ లభించినది. తెలుగు విద్యార్థులలోని చిత్రకళాశక్తిని గుర్తించి ప్రోత్సహించిన ఉపాధ్యాయుడాయన. దామెర్ల రామారావు గారును ఆయన చేరదీసిన వారే. తరువాత బాపిరాజు గారు మద్రాసులో న్యాయశాస్త్రము చదివినారు, కొంతకాలము వకీలుగా పనిచేసినారు. సహాయ నిరాకరణోద్యమమున పాల్గొని ఒక సంవత్సరము కారాగారమును అనుభవించినారు.

వారి చిత్రకళ పదునెక్కిన చోటు బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాల. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గారల కృషితో 1910లో వెలసిన విద్యాలయమది. చదువుతోపాటు చేతిపనులును అచట బోధింపబడినవి. వంగదేశము నుండి వచ్చిన ప్రమోద కుమార చటర్జీ వద్ద బాపిరాజు గారు అక్కడనే శిష్యరికము చేసినారు. 1934 నుండి 1939 వరకు అదే కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్నారు. చలనచిత్రములకు కళాదర్శకత్వము వహించినారు. వారి నారాయణరావు నవల, విశ్వనాథ సత్యనారాయణ గారి వేయిపడగలుతో కలిసి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని పంచుకొన్నది.

ఇక సంగీతము. బాపిరాజు గారు కచేరీలు చేసి జీవించిన విద్వాంసులు కారు. కాని వారి గేయములు పాడుటకై పుట్టినవి. తన పాటలను తానే మధురముగా పాడి మిత్రులను, సభలను అలరించినవారుగా వారికి పేరు. గోదావరి వరదపై వారు కట్టిన పాట కాగితము మీదికంటె గొంతులలోనే ఎక్కువకాలము నిలిచినది. వారి ప్రసిద్ధ చిత్రములలో ఒకదాని పేరు శబ్దబ్రహ్మ. చెవికి మాత్రమే అందు నాదమును కంటికి చూపవలెనన్న సాహసము ఆ పేరులోనే కలదు. రెండు కళలు ఒకే మనస్సున కాపురముండినపుడే ఇట్టి కోరిక పుట్టును.

1944లో హైదరాబాదులో మీజాన్ తెలుగు దినపత్రికకు వారు సంపాదకులైనారు. మీజాన్ తెలుగున, ఉర్దూలో, ఇంగ్లీషులో వెలువడినది. మీజాన్ అనగా తక్కెడ అని మన ఉర్దూ తరగతి విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. జీవితమంతయు కుంచెను, పాటను, కలమును తూచుకొనుచు నడచిన మనిషి, తక్కెడ అను పేరుగల పత్రికకు సంపాదకుడగుట యాదృచ్ఛికమే కావచ్చును. మనకు మాత్రము అందు ఒక పాఠమున్నది.

ఈ రెండు కళలకు గల చుట్టరికము ఊహామాత్రము కాదు, కొలతలలో చూపదగినది. నస్తలీఖ్ లిపి వ్రాయు కాతిబు, కలపు పాళీతో పెట్టిన చుక్కను ప్రమాణముగా తీసికొని ప్రతి అక్షరమును కొలుచును. అలిఫ్ పొడవు ఇన్ని చుక్కలు, వంపు వెడల్పు ఇన్ని చుక్కలు అని లెక్క. 1981లో నూరీ నస్తలీఖ్ కంప్యూటరు అచ్చులోనికి వచ్చువరకు ఉర్దూ పత్రికలు చాలవరకు ఈ కొలతలు తెలిసిన చేతులతోనే వ్రాయబడినవి. సంగీతమున మాత్ర ఎట్టిదో వ్రాతలో చుక్క అట్టిది. ఆదితాళమునకు ఎనిమిది అక్షరములు, హిందుస్తానీ తీన్‌తాలునకు పదునారు మాత్రలు. తీన్‌తాలులో తొమ్మిదవ మాత్రను ఖాలీ అందురు. అచట చప్పట్టు ఉండదు, చేయి గాలిలో ఆడించి ఊరకుందురు. ఆ ఖాలీ లేనిచో వినువానికి తాళపు ఆవృత్తము గుర్తు దొరకదు. పుటను రూపొందించువాడు అక్షరముల చుట్టు విడిచిపెట్టు తెల్లని జాగాయు అట్టి ఖాలీయే. దానిని నింపివేసినచో పుట ఊపిరాడని గది యగును. కావున తాళము నేర్చిన విద్యార్థి చేతి పోస్టరు మేలగుటకును, కొలతలు నేర్చిన విద్యార్థి పాటలో లయ కుదురుటకును అవకాశము కలదు.

అట్లని రెండు కళల జీవితము సుఖప్రదమని మేము చెప్పము. వకీలు, ప్రిన్సిపాలు, కళాదర్శకుడు, సంపాదకుడు అని బాపిరాజు గారి వృత్తులను వరుసగా వ్రాసి చూడుడు. ఒక్కటియు జీవితాంతము నిలువలేదు. నేడు వారిని నవలాకారుడుగా ఎరిగినవారు అనేకులు, చిత్రకారుడుగా ఎరిగినవారు కొందరే. పలు దిక్కుల పని చేసినవానిని లోకము ఒక దిక్కుననే జ్ఞాపకముంచుకొనును. ఇది చెల్లింపక తప్పని మూల్యము. అయినను 1951లో, మరణమునకు ఒక సంవత్సరము ముందు, వారు సింహళమునకు పోయి సిగిరియా కుడ్యచిత్రములకు ప్రతికృతులు వ్రాసినారు. అప్పటికి వారి వయస్సు యాబది దాటినది. 1952 సెప్టెంబరు 22న పరమపదించునంతవరకు వృత్తులు మారినవి గాని కుంచె మారలేదు.

ఇందు మాకు తోచిన తాత్పర్యము ఇది. రెండు కళల నడుమ సమతూకము అనగా రోజును సరిసగము చేయుట కాదు. తక్కెడకు రెండు తట్టలుండుట దోషము కాదు, రెండింటను బరువు లేకపోవుటయే దోషము. బాపిరాజు గారు చటర్జీ వద్ద కూర్చుండి శ్రద్ధగా నేర్చినారు. రాయ్ సెలవు దినములను తన కళకు ఇచ్చినారు. అన్నము పెట్టు పని ఒకటి, దానితోపాటు ప్రతిదినము కొంత అభ్యాసము: ఇంతకు మించిన రహస్యము లేదు. నేర్వక నేర్చినట్లు నటించువాడే రెండు పడవలపై కాళ్లు పెట్టువాడు. నేర్చినవాడు ఒక పడవలో కూర్చుండి రెండు తెడ్లు వేయువాడు.

మన ఉత్తరాంధ్రము ఈ విషయమున పేదది కాదు. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రధానాచార్యులుగా విజయనగరమున సంగీత కళాశాల వెలసినది. చందమామ అట్టలపై వర్ణములు నింపిన వడ్డాది పాపయ్య గారు 1921లో శ్రీకాకుళమున జన్మించినారు. స్వరమునకు ఒక ఊరు, వర్ణమునకు ఒక ఊరు మన ముంగిటనే ఉన్నవి. ఆ రెండింటిని ఒక చోట కూర్చు విద్యార్థికై మేము ఎదురు చూచుచున్నాము.

పాలకవర్గము వారికి ఒక మనవి. మన కళాశాలలో ఒక గదిలో ఒక ప్రక్క గీతల బల్లను, మరియొక ప్రక్క హార్మోనియమును ఉంచి, వారమునకు ఒక సాయంకాలము దానిని తెరచి యుంచినచో చాలును. గొప్ప వ్యయము కాదు. కూల్డ్రే దొర వంటి ఉపాధ్యాయుడు విద్యార్థులకు ఇచ్చినది ముఖ్యముగా ఆదరణయే గదా. తల్లిదండ్రులకును ఒక మాట. మీ బిడ్డ రెండింటిని కోరినపుడు ఏదో ఒకటి విడువుమని వెంటనే అనకుడు. ఎంత నేర్చితివో చూపుమని అడుగుడు. ఆ ప్రశ్నకు బిడ్డ ఇచ్చు జవాబే తక్కెడ ముల్లు.