అడవిబాటలో అడుగుజాడలు

వేసవిలో తెల్లవాఱుజామున నల్లమల అడవిలోని బండిబాట వెంట నడచువానికి పెద్ద జంతువు కనబడుట అరుదు. మనిషి వాసన సోకగనే కణితి పొదల మాటునకు పోవును. పులి మనలను చూచినను మనము దానిని చూడము. అయినను రాత్రి ఆ బాటను ఎవరెవరు నడచిరో దుమ్ములో తెలియుచునే యుండును. కృష్ణానదికి ఇరువైపుల గల ఈ కొండలలో తరతరములుగా నివసించుచున్న చెంచులకు ఆ జాడలను పరికించుట చిన్ననాటనే అబ్బిన విద్య.

పులి అడుగులో నాలుగు వ్రేళ్ల గుర్తులును, వాని వెనుక వెడల్పైన అరికాలి గుర్తును ఉండును. గోళ్ల గుర్తులు సాధారణముగా కనబడవు. నడచునప్పుడు పులి తన గోళ్లను లోనికి ముడుచుకొనును. ఇంటి పిల్లియు నంతే. కుక్క, రేచుకుక్క, తోడేలు అట్లు ముడుచుకొనలేవు గనుక వాని వ్రేళ్ల ముందు గోటి గాట్లు పడును. మీ ఊరి చెరువుగట్టున తడిమట్టిలో పిల్లి అడుగును, కుక్క అడుగును వెదకి పోల్చిచూడుడు. చిఱుత అడుగు పులి అడుగు వంటిదే గాని చిన్నది. ఇచ్చట తొందర పనికిరాదు. పులికూన అడుగును, పెద్ద చిఱుత అడుగును ఒకే కొలతలో నుండవచ్చును. దాపున తల్లిజాడ యున్నదేమో చూడవలెను.

ఎలుగుబంటి జాడను గుర్తించుట ప్రాణముతో ముడిపడిన పని. తేనెకును, ఇప్పపూలకును, తునికిపండ్లకును మనుష్యులు పోవు చోటికే అదియు పోవును. దాని ముక్కు చురుకైనదే గాని కంటిచూపు మందము. మనిషి మిక్కిలి దగ్గఱకు వచ్చువఱకు గుర్తింపక, గుర్తించిన వెంటనే బెదరి మీద పడును. దాని వెనుకకాలి అడుగు చూచినచో ఎవరో వట్టికాళ్లతో నడచిపోయిరని పొరబడుదుము. ముందుకాలి అడుగులో మాత్రము వ్రేళ్లకు చాల ముందుగా పొడవైన గోళ్ల గుర్తులుండును. ఆ గోళ్లతో అది చెదపుట్టలను త్రవ్వి, దుమ్మును ఊది, చెదలను పీల్చుకొనును. త్రవ్విన మట్టి ఇంకను తడిగా నుండి, చెదలు తెగిన దారులను పూడ్చుకొనక చెదరి తిరుగుచున్నచో ఎలుగు దూరము పోలేదని యర్థము. అట్టిచోట వచ్చిన దారినే మరలిపోవుట పిరికితనము కాదు.

ఇతర జంతువుల గుర్తులు ఇంత భయపెట్టునవి కావు. దుమ్ములగొండి ఎముకలను నమలి మింగును గనుక దాని మలము ఎండి సున్నమువలె తెల్లనగును. రాలిపడిన కణితికొమ్ముపై వరుసగా పండ్ల గాట్లున్నచో అది ఏదుపంది పని. చెట్టు క్రింద సగము కొఱికిన కాయలును, పచ్చియాకులును రాలియున్న చోట తఱచుగా దుప్పుల గిట్టల గుర్తులు కనబడును; పైన కొండముచ్చులు తిని విడిచినది క్రింద వానికి విందు.

జాడ ఎవరిదో తెలిసిన పిదప, ఎప్పటిదో తెలియవలెను. అడుగులో వానచినుకుల గుంటలున్నచో జంతువు వానకు ముందే పోయినది. రాత్రి తిరుగు పురుగుల సన్నని గీతలు దానిని దాటియున్నచో అది తెల్లవాఱిన పిమ్మట పడినది కాదు.

ఈ జాడలతోనే మన దేశములో పులులను లెక్కించిన కాలము కలదు. ఒడిశాకు చెందిన అటవీ అధికారి ఎస్. ఆర్. చౌధురి 1966లో ఈ పద్ధతిని రూపొందించెను. పులి యెడమ వెనుకకాలి ముద్రను అద్దముపై గీసికొని, ఒక్కొక్క పులిని వేఱుపఱచెడివారు. 1972లో దేశమంతట లెక్కింపగా 1,827 పులులని తేలెను. కాని ఒకే కాలు మెత్తని బురదలో పెద్దదిగను, గట్టినేలపై పలుచని దుమ్ములో చిన్నదిగను ముద్ర వేయును. ఒక పులి రెండు పులులుగా లెక్కకెక్కవచ్చును. రాజస్థానములోని సరిస్కా అడవిలో పులులున్నవని కాగితములు చెప్పుచుండగనే వేటగాండ్రు వానిని రూపుమాపిరి. 2005లో అచ్చట ఒక్క పులియు లేదని తేలెను. పోయిన పులులకు కాగితముపై ప్రాణముండుటచేత వానిని కాపాడవలసిన సమయము జాఱిపోయినది.

2006 నుండి దేశవ్యాప్త లెక్కలకు కెమెరాలను వాడుచున్నారు. ఏ రెండు పులుల చారలును ఒక్క తీరున నుండవు గనుక ఛాయాచిత్రములో ఒక్కొక్క పులిని గుర్తింపవచ్చును. అయితే ఇంత పెద్ద యడవిలో కెమెరాను ఎచ్చట కట్టవలెను? మొదట మనుష్యులు నడచి, అడుగులును, మలమును, చెట్ల బెరడుపై గోటి గీతలును వెదకుదురు. నల్లమలలో ఈ పనికి చెంచు యువకులు తోడ్పడుచున్నారు. జాడ దొరికిన బాటకు ఇరువైపుల రెండు కెమెరాలను ఎదురెదురుగా కట్టుదురు. పులి కుడిప్రక్క చారలు ఎడమప్రక్క చారలవలె నుండవు.