మేం ఊరెళ్తే టామీని ఎవరు చూస్తారు?

సంక్రాంతికి మూడు నాలుగు రోజుల ముందే హైదరాబాద్ ఖాళీ అవడం మొదలవుతుంది. విజయవాడ రహదారి మీద పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు బారులు తీరతాయి. ఆ కార్లలో చోటు దొరకనివారు కొందరు ఇంట్లోనే ఉండిపోతారు: లాబ్రడార్, పగ్, పర్షియన్ పిల్లి, తొట్టెలో చేపలు. ఒకప్పుడైతే పక్కింటివాళ్లు పూటకింత పెట్టి చూసుకునేవారు. ఇప్పుడు పక్క ఫ్లాటువాళ్లూ అదే రోజు ఊరెళ్తున్నారు, వాచ్‌మనూ వెళ్తున్నాడు. అలా మిగిలిపోయిన ప్రాణులను ఇంటివాళ్లు తిరిగొచ్చేదాకా డబ్బు తీసుకుని చూసుకోవడమే పెట్ సిట్టింగ్. డిగ్రీ చదువుకుంటున్నవారికి, ఉద్యోగం వెతుక్కుంటున్నవారికి, పిల్లలు బడికెళ్లాక పగలు తీరిక దొరికే గృహిణులకు ఇది పెట్టుబడి పెద్దగా లేని ఉపాధి.

అవసరం పండగలతో ఆగిపోదు. కూతురి పురుడుకో, కోడలి పురుడుకో అమెరికా వెళ్లే తల్లిదండ్రులు నెలల తరబడి అక్కడే ఉంటారు. పెళ్లిళ్లు, తిరుమల ప్రయాణాలు, ఇంట్లో ఒకరు ఆస్పత్రిలో చేరాల్సి రావడం ఏడాది పొడవునా ఉండేవే. లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి పనిచేస్తూ కుక్కపిల్లను తెచ్చుకున్న ఐటీ ఉద్యోగులు ఇప్పుడు ఆఫీసుకు వెళ్లక తప్పడం లేదు. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఏడు దాకా ఆ కుక్క ఒంటరిగా తలుపు వైపే చూస్తూ పడుకుంటోంది.

ఈ పనిలోకి ఎందుకు రావాలనుకుంటున్నారని అడిగితే చాలామంది చెప్పే జవాబు ‘నాకు కుక్కలంటే ప్రాణం’. ఆ ప్రేమ ఉండాల్సిందే, కానీ దానితోనే పని నడవదు. ముద్దు చేసేవారు ఆ ఇంట్లో ఉన్నారు. వారు లేనప్పుడు కావలసింది వారి కళ్లు. నిన్న గిన్నె ఖాళీ చేసిన కుక్క ఇవాళ సగం వదిలేసిందని, నడకలో వెనక కాలు కాస్త ఎత్తిపెడుతోందని, చెవి మాటిమాటికీ గోక్కుంటోందని పట్టుకోగలగాలి. జంతువు చెప్పుకోలేదు, యజమాని చూడలేడు. కాబట్టి మీరు గమనించిందే దానికి రక్ష.

రెండు ఉదాహరణలు చాలు. మగ పిల్లి పదే పదే లిట్టర్ బాక్స్‌లోకి వెళ్లి కూర్చుని, మూత్రం రాక బయటికొస్తోందనుకోండి. చూసినవారు మలబద్ధకం అనుకుని వదిలేస్తారు. నిజానికి మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. అదే అయితే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ లాంటి లోతైన ఛాతీ ఉన్న కుక్కలు వాంతి చేసుకోబోయి ఏమీ రాక, పొట్ట ఉబ్బి అవస్థ పడుతుంటే కడుపు మెలిపడి ఉండొచ్చు. అప్పుడు తెల్లారేదాకా ఆగే వ్యవధి ఉండదు. అందుకే ప్రతి జంతువుకూ ఒక నోటుబుక్ పెట్టండి. వెళ్లిన సమయం, తిన్నదెంత, తాగిన నీళ్లెన్ని, మూత్రం, విరేచనం, వేసిన మందు రాయండి. పూటపూటకూ ఆ పేజీ ఫొటో యజమానికి వాట్సాప్‌లో పంపండి. ముద్దొచ్చే ఫొటో కూడా పంపండి, తప్పులేదు. అయితే మిమ్మల్ని మళ్లీ పిలిపించేది ఆ పేజీయే.

మొదట వాళ్ల ఇంట్లోనే

ఈ సేవ రెండు రకాలు. మీరే వాళ్లింటికి రోజుకు రెండు మూడుసార్లు వెళ్లి చూసుకోవడం ఒకటి. జంతువును మీ దగ్గరికి తెచ్చి ఉంచుకోవడం రెండోది, దాన్నే బోర్డింగ్ అంటారు. బోర్డింగ్‌లో డబ్బు ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి కొత్తవారు నేరుగా అందులోకే దూకాలనుకుంటారు. వద్దని గట్టిగా చెబుతాను. పార్వో వైరస్ సోకిన ఒక్క కుక్కపిల్ల మీ గదిలో రెండు రోజులుంటే చాలు, ఆ వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌తో అది చావదు, బ్లీచింగ్ ద్రావణం కావాలి. ఆ తర్వాత వచ్చే టీకా పూర్తికాని ప్రతి పిల్లకూ ముప్పే. గోమార్లు ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు ఎక్కి జ్వరాలు తెస్తాయి. అద్దె ఇంట్లో ఓనరు, పక్కవాళ్లు మొరుగుడు భరించరు.

పైగా చాలా జంతువులకు సొంత ఇల్లే సుఖం. ముఖ్యంగా పిల్లి. కొత్తచోటికి తెస్తే అది మంచం కిందికి దూరి తిండి మానేస్తుంది. రెండు మూడు రోజులు పస్తుంటే దాని కాలేయం దెబ్బతింటుంది. ఇంటికి వెళ్లి చూసే పద్ధతిలో ఏడాది గడిపి, జంతువుల తీరు తెలిశాక, విడి గదులూ కంచె వేసిన ఆవరణా ఉన్న చోటు దొరికితే అప్పుడు బోర్డింగ్ గురించి ఆలోచించండి.

ఒప్పుకునే ముందు యజమాని ఇంట్లో ఉండగానే ఒకసారి వెళ్లాలి. దీనికి డబ్బు తీసుకోకండి, కానీ దీన్ని ఎప్పుడూ వదిలేయకండి. కుక్క మిమ్మల్ని వాసన చూడనివ్వండి. కళ్లలోకి సూటిగా చూడొద్దు, తల మీద చెయ్యి వేయొద్దు. అది తింటుండగా యజమాని గిన్నె దగ్గరికి వెళ్తే గుర్రుమంటోందా? గొలుసు తగిలిస్తే పళ్లు చూపిస్తోందా? ‘మా వాడు ఎవర్నీ ఏమీ అనడు’ అనే మాటను రుజువుగా తీసుకోవద్దు. ఎప్పుడైనా కరిచిందా, ఎవరిని, ఏ సందర్భంలో అని అడగండి. టీకా పుస్తకం చూడండి. యాంటీ రేబిస్‌తో పాటు డిస్టెంపర్, పార్వో, లెప్టోస్పైరోసిస్‌లకు వేసే టీకాల తేదీలు దాటాయేమో పరిశీలించండి. దేనికి భయపడుతుంది, ఏ మందు ఏ వేళ, ఏ డాక్టరు దగ్గర చూపిస్తారు, ఊళ్లో ఉన్న బంధువు నంబరు ఏది, ఇవన్నీ రాసుకోండి. అత్యవసరమైతే యజమాని ఫోన్ తగలకపోయినా ఆస్పత్రికి తీసుకెళ్లే అనుమతి, ఎంత వరకు ఖర్చుపెట్టొచ్చో ఆ మొత్తం కాగితం మీద ఉండాలి. ఈ సంగతి అడగడానికి మొహమాటపడినవారే తర్వాత అర్ధరాత్రి ఆస్పత్రి కౌంటరు దగ్గర జేబు తడుముకుంటారు.

మనసు ఒప్పకపోతే పని వద్దనడం నేర్చుకోవాలి. రాట్‌వీలర్, పిట్‌బుల్ లాంటి బలమైన జాతులను అనుభవం లేనివారు ఒంటరిగా తీసుకోవద్దు. ఆడపిల్లలు యజమానిని మొదటిసారి కలవడానికి తోడు తీసుకునే వెళ్లండి. ఇంట్లో ఒంటరి మగవాళ్లున్న చోట రాత్రి బస ఒప్పుకోవద్దు. వీలైతే ఇద్దరు కలిసి మొదలుపెట్టండి. ఒకరికి జ్వరం వచ్చినా అవతలి ఇంట్లోని కుక్క పస్తుండదు.

తలుపు, ఎండ, పాయసం

మీ చేతిలో ఉండగా జరగగల ప్రమాదాల్లో అన్నిటికంటే భయపడాల్సింది తప్పిపోవడం. మీరు తలుపు తీస్తారు, మీ వెనక ఎవరో కొరియర్ అబ్బాయి బెల్ కొడతాడు, కాళ్ల సందులోంచి బీగల్ మెట్లు దిగి వెళ్లిపోతుంది. లోపలికి వెళ్లగానే తలుపు గడియ పెట్టాకే జంతువును పలకరించాలి. బయటికి తీసుకెళ్లే ముందు కాలర్ రెండు వేళ్లు దూరేంత బిగువుగా ఉందో లేదో చూడాలి. యజమాని లేని రోజుల్లో పార్కులో గొలుసు విప్పనే వద్దు. దీపావళికి మరీ జాగ్రత్త. టపాసుల మోతకు బెదిరి పారిపోయే కుక్కలెన్నో. చీకటి పడకముందే నడక ముగించి, కిటికీలు మూసి, లోపలి గదిలో ఫ్యాను, టీవీ పెట్టి పక్కన కూర్చోండి. ఆ రాత్రికి ఎక్కువ డబ్బు అడగడం న్యాయమే.

మన ఎండలు ఇంకో గండం. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడు లోపు, సాయంత్రం పొద్దుగూకాకే నడిపించాలి. అరచేతి వెనుక భాగాన్ని రోడ్డుకు ఐదారు సెకన్లు ఆనించలేకపోతే కుక్క పాదాలూ ఆ వేడిని తట్టుకోలేవు. పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు జాతులకు వడదెబ్బ చాలా త్వరగా తగులుతుంది. నాలుక ముదురు ఎరుపెక్కి, ఆయాసపడుతూ తూలితే నీడలోకి చేర్చి, మామూలు నీళ్లతో ఒళ్లంతా తడిపి ఆస్పత్రికి పరుగెత్తాలి.

తిండి విషయంలో యజమాని చెప్పిన కొలత దాటొద్దు. పండగ పూట పక్కింటివాళ్లు ప్రేమగా పట్టుకొచ్చే పాయసంలో కిస్‌మిస్ ఉంటుంది. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్క కిడ్నీలను పాడుచేస్తాయి. చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి, ఉడికించిన ఎముకలు కూడా కూడదు. జ్వరమొచ్చిందని మనుషుల పారాసిటమాల్ వేయడం పిల్లి ప్రాణం తీస్తుంది. డాక్టరు చెప్పని ఏ మాత్రా మీ చేతులతో వేయకండి.

ఇంకో మాట. ప్రచారం కోసం ఆ ఇంట్లోని కుక్క ఫొటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాలనిపిస్తుంది. కుటుంబం తిరిగొచ్చేదాకా పెట్టొద్దు. ఫలానా ఇంట్లో ఎవరూ లేరని ఊరంతటికీ చెప్పినట్టే అవుతుంది. తాళంచెవికి ఫ్లాటు నంబరున్న చీటీ కట్టొద్దు, మీకు మాత్రమే తెలిసే గుర్తు పెట్టుకోండి. పోలీసు శాఖ ఇచ్చే క్లియరెన్స్ సర్టిఫికెట్ ముందే తీసుకుని ఉంటే గేటెడ్ కమ్యూనిటీల్లో అడుగుపెట్టడం తేలికవుతుంది.

లెక్క చూద్దాం

ఒక విజిట్‌కు రూ.300 అనుకుందాం. ఇది లెక్క కోసం చెప్పిన అంకె మాత్రమే, మీ ప్రాంతంలో నడిచే ధర మీరే కనుక్కోవాలి. ఇల్లు పది కిలోమీటర్ల దూరంలో ఉంటే రోజుకు రెండు విజిట్లకు 40 కిలోమీటర్లు తిరగాలి. రూ.600లో పెట్రోలు పోగా, ట్రాఫిక్‌లో గడిచిన గంటలకు విలువ కడితే మిగిలేది ఎంతో లేదు. అదే రెండు కిలోమీటర్ల లోపు నాలుగు ఇళ్లుంటే రోజుకు రూ.2,400. కాబట్టి నగరమంతా కాకుండా మీ పేటను, చుట్టుపక్కల నాలుగైదు అపార్ట్‌మెంట్లను ఎంచుకోండి. అక్కడి పశువైద్యుడికి, పెట్ షాపువాళ్లకు, గ్రూమింగ్ చేసేవారికి మీ పేరు తెలియాలి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక ఇంటివారు రాసే మంచిమాట పది కరపత్రాల కన్నా బాగా పనిచేస్తుంది.

సంక్రాంతి, దసరా, వేసవి సెలవుల్లో ఊపిరాడదు. పిల్లల పరీక్షల వేళ, పెళ్లిళ్లు లేని ఆషాఢంలో ఫోన్ మోగకపోవచ్చు. అందువల్ల దీన్ని నమ్ముకుని ఉన్న ఉద్యోగం వెంటనే మానేయొద్దు. పొద్దునా సాయంత్రం కుక్కలను నడిపించే పనిని నెలవారీగా ఒప్పుకుంటే ఖాళీ నెలల్లో అదే ఆదుకుంటుంది. పండగ బుకింగులకు సగం అడ్వాన్సు తీసుకోండి. చివరి నిమిషంలో ప్రయాణం మానుకుంటే ఎంత తిరిగిస్తారో ముందే చెప్పండి.

కాగితాల పని తక్కువే. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్, పాన్‌లతో ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితంగా అయిపోతుంది, ఎవరైనా ఏజెంటు వేలు అడిగితే ఇవ్వకండి. సేవల మీద ఏడాది ఆదాయం రూ.20 లక్షలు దాటేదాకా సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. బోర్డింగ్ పెట్టే దశలో స్థానిక సంస్థ నుంచి ట్రేడ్ లైసెన్సు చూసుకోవాలి, పెట్టుబడికి ముద్ర పథకంలోని శిశు విభాగం కింద రూ.50,000 దాకా రుణం అడగొచ్చు. భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షన్ మాత్రం గుర్తుంచుకోండి. జంతువు ఎవరి అధీనంలో ఉందో వారి నిర్లక్ష్యం వల్ల మనుషులకు ప్రమాదం కలిగే పరిస్థితి వస్తే శిక్ష వారికే. గొలుసు మీ చేతిలో ఉన్నంతసేపూ ఆ బాధ్యత మీది. రామచిలుక, నక్షత్ర తాబేలు ఉన్న ఇల్లైతే వాటి సంరక్షణ ఒప్పుకోవద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం వాటిని ఇంట్లో పెంచడమే నేరం.

విదేశాల్లో చదువుతున్న మన విద్యార్థులకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. అమెరికాలో యాప్‌ల ద్వారా పెట్ సిట్టింగ్ చేసి ఖర్చులకు సంపాదించుకోవచ్చని స్నేహితులు చెబుతుంటారు. ఎఫ్-1 వీసా మీద ఉన్నవారికి అనుమతి లేకుండా క్యాంపస్ బయట ఇలా సంపాదించడం వీసా నిబంధనల ఉల్లంఘన. బ్రిటన్‌లోనూ స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి కుదరదు. నాలుగు డాలర్ల కోసం చదువును పణంగా పెట్టకండి.

నేర్చుకునే చోట్లు ఇక్కడే ఉన్నాయి. హైదరాబాద్‌లో 1992లో అక్కినేని అమల ప్రారంభించిన బ్లూ క్రాస్, విశాఖపట్నంలో వీఎస్‌పీసీఏ లాంటి సంస్థల్లో వలంటీరుగా చేస్తే బెదిరిన జంతువును ఎలా పట్టుకోవాలో, గాయానికి కట్టు ఎలా కట్టాలో చేతికి వస్తుంది. పదో తరగతి పూర్తయి ఇదే రంగంలో స్థిరపడాలనుకుంటే పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమా ఉంది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, రాజేంద్రనగర్‌లోని పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం ప్రకటనలు గమనిస్తూ ఉండండి. గ్రూమింగ్, శిక్షణ నేర్చుకుంటే అదే కస్టమర్లు ఆ పనులకూ మిమ్మల్నే పిలుస్తారు.

విజిటింగ్ కార్డులు అచ్చువేయించే ముందు ఒక పని చేయండి. డాక్టరును కలిసి రేబిస్ ముందస్తు టీకా వేయించుకోండి. మొదటి రోజు, ఏడో రోజు, 21 లేదా 28వ రోజు, మొత్తం మూడు డోసులు. ఆ తర్వాత కూడా ఏ జంతువు కరిచినా, గీరినా గాయాన్ని ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. లక్షణాలు కనిపించాక రేబిస్‌కు మందు లేదు. మూడో డోసు పూర్తయ్యాకే మొదటి బుకింగ్ ఒప్పుకోండి.