పాత ఇంటి నీళ్ల పొయ్యి



మేడిపల్లి చుట్టుపక్కల ఊళ్లలో తాతల నాటి గూన ఇల్లు విరాసతుగా, అంటే వారసత్వపు హక్కుగా, చేతికి వచ్చినప్పుడు దానితోపాటు పెరట్లోని నీళ్ల పొయ్యి, దాని మీది రాగి కొప్పెర, అటక మీది కుంపటి, గోడలకు వేలాడే పాత కరెంటు తీగలు కూడా వస్తాయి. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన నెల రోజుల్లో వీటన్నిటినీ తీసివేసి కొత్తవి బిగించాలన్న తొందర సహజమే గానీ, కొద్దిపాటి డబ్బుతో ఇల్లు బాగు చేసుకోదలచినవారు ఏదైనా కొనేముందు వేడి ఎక్కడ వృథా అవుతున్నదో చూసుకోవాలి.

పసుపు పండించే కోరుట్ల, మెట్‌పల్లి రైతులకు ఈ సంగతి అనుభవంలో ఉన్నదే. కొమ్ములను మూతలేని కడాయిలో నీళ్లు పోసి ఉడికించడంకన్నా, మూసిన డ్రమ్ముల్లోకి ఆవిరి పంపి ఉడికిస్తే కట్టెలు తక్కువ పడతాయి. స్నానపు నీళ్లకూ అదే వర్తిస్తుంది. ఇరవై లీటర్ల బకెట్ నీటిని 18 డిగ్రీల నుంచి 42 డిగ్రీలకు తేవడానికి సుమారు 2,000 కిలోజౌళ్ల వేడి, అంటే కరెంటు లెక్కలో అర యూనిట్‌కు కాస్త పైన, అవసరం. మూడు రాళ్ల పొయ్యిలో కట్టె ఇచ్చే వేడిలో ఇంచుమించు పదో వంతే నీటికి చేరి మిగిలినది గాలిలో కలిసిపోతుంది కాబట్టి, ఆ ఒక్క బకెట్‌కు కిలోకు పైగా ఎండు కట్టె కాలుతుంది. కొప్పెరకు సరైన మూత, పొయ్యికి మూడు వైపులా మట్టి గోడ, పొగ బయటికి పోయే గొట్టం అమరిస్తే ఆ కట్టెలో చెప్పుకోదగినంత మిగులుతుంది. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి. రాజు 1950ల నాటికే రూపొందించిన పొగలేని పొయ్యి ఈ సూత్రం మీద కట్టినదే: మంట ఒక సొరంగంలాంటి దారిలో పాత్రల కింద సాగి, వేడిని వాటికి అందించి, ఆ తర్వాతే పొగగొట్టంలోకి పోతుంది. మన నేలమీద పుట్టిన ఆ ఆలోచనను ఇంతగా మరచిపోవడం విచారకరం. పత్తి కట్టె, మక్క బెండ్లు ఊరికే దొరికే రైతు ఇంట్లో నీళ్ల పొయ్యిని పడగొట్టడం కంటే ఇలా బాగు చేయించడమే మేలు.

కరెంటు రాడ్డు చవకైనదే గానీ, పాత ఇంట్లో ప్రాణాపాయం దానితోనే ఎక్కువ. 1,500 వాట్ల రాడ్డు ఒక బకెట్‌ను ఇరవై రెండు, ఇరవై మూడు నిమిషాల్లో కాచగలదు. రోజుకు నాలుగు బకెట్లైతే నెలకు సుమారు 67 యూనిట్లు అవుతాయి. 2024 ఫిబ్రవరిలో మొదలైన గృహజ్యోతి పథకం కింద ఉచిత కరెంటు నెలకు 200 యూనిట్ల వరకే కనుక, ఫ్యాన్లు, టీవీ, ఫ్రిజ్ వాడకంతో కలిపి ఈ లెక్క ముందే వేసుకోవాలి. రాడ్డు గానీ గీజరు గానీ పెట్టదలచినచో మొదటి ఖర్చు తీగల మీదనే పెట్టాలి: వేరుగా లాగిన మందపాటి రాగి తీగ, పదహారు ఆంపియర్ల సాకెట్, నేలలోకి దింపిన ఎర్తింగ్, వీటితోపాటు ఆర్‌సీసీబీ. ఈ చివరిది, మనిషి ఒంటిగుండా కొద్దిపాటి కరెంటు పారినా క్షణంలో సరఫరా ఆపివేసే స్విచ్. 30 మిల్లీఆంపియర్లదే తీసుకోవాలి. స్విచ్ ఆపి ప్లగ్గు తీసేవరకు నీళ్లలో చేయి పెట్టరాదని ఇంట్లో పిల్లలకూ పెద్దలకూ పదేపదే చెప్పాలి. మీటరు ఇంకా తాత పేరు మీదనే ఉంటే, సిరిసిల్ల వైపు ఇళ్లకు 1970లో ఏర్పడిన సహకార విద్యుత్ సరఫరా సంఘంలో, మేడిపల్లి వైపు ఇళ్లకు ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థలో పేరు మార్పించుకోవడం మొదటి పని.

సోలార్ వాటర్ హీటర్ మంచిదే. అయితే నూరు లీటర్ల ట్యాంకు నిండితే నీటి బరువే నూరు కిలోలు గనుక, గూన కప్పు దాన్ని మోయలేదు. స్నానాల గది మీది స్లాబు మీదనో, పెరట్లో ఇనుప స్టాండు మీదనో దక్షిణాభిముఖంగా నిలపాలి. బోరు నీళ్లు కఠినమైనవైతే గొట్టాల లోపల సున్నపు గార కట్టి ఏటేటా వేడి తగ్గిపోతుంది కాబట్టి, కొనకముందే నీళ్లు పరీక్ష చేయించడం అవసరం. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం ఇచ్చే 78,000 రూపాయల వరకు రాయితీ కరెంటు పుట్టించే పలకలకే గానీ నీళ్లు కాచే ఈ హీటరుకు కాదు.

గదుల చలికి యంత్రమేదీ అక్కర లేదు. మందపాటి మట్టి గోడలు పగటి వేడిని పీల్చుకుని రాత్రికి మెల్లగా విడుస్తాయి. పగిలిన గూనలు మార్పించి, తలుపు సందులు మూయిస్తే చాలు. కుంపటిని మాత్రం మూసిన పడకగదిలోకి తీసుకుపోరాదు. బొగ్గు అరకొరగా కాలినప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు గానీ వాసన గానీ ఉండదు. నిద్రలో ఉన్న మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. పుష్యమాసపు చలిలో ఇంట్లోని అమ్మమ్మ మంచం దగ్గర దాన్ని పెట్టే అలవాటును ఈ ఏడే మాన్పించి, ఆమె పాదాల దగ్గర వేడినీళ్ల రబ్బరు సంచిని తువాలులో చుట్టి ఉంచాలి.