డిస్నీలో భోజనం ప్లాన్: పిల్లల లెక్క వేరు, పెద్దల లెక్క వేరు

ప్రశ్న: వచ్చే స్ప్రింగ్ బ్రేక్‌కి ఓర్లాండోలో డిస్నీ వరల్డ్‌కి వెళ్తున్నాం. వాళ్ళ హోటల్లోనే 5 రాత్రులు ఉంటాం. మేమిద్దరం, 7, 4 ఏళ్ళ పిల్లలు, గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారు. మేం చికెన్ తింటాం, ఆవిడ గుడ్డు కూడా ముట్టరు. మందు ఎవరికీ అలవాటు లేదు. ముందే డబ్బు కట్టేసే డైనింగ్ ప్లాన్ తీసుకుంటే నిశ్చింతగా ఉంటుందని మావారు, దండగని నేను. మీరే తేల్చండి.
– ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: ఆలుమగల మధ్య తీర్పు చెప్పను కానీ, లెక్క వేసి ఇస్తాను. దాన్ని బట్టి ఎవరు గెలిచారో మీరే చూసుకోండి.

ముందు ఈ ప్లాన్‌లో ఏమొస్తుందో చూద్దాం. కోవిడ్ వల్ల 2020లో ఆపేసి, 2024 జనవరిలో మళ్ళీ మొదలుపెట్టారు. ఇది డిస్నీ హోటల్ ప్యాకేజీ తీసుకున్నవాళ్ళకే అమ్ముతారు. రెండు రకాలు. మొదటిది క్విక్ సర్వీస్ ప్లాన్: మనిషికి రాత్రికి రెండు కౌంటర్ భోజనాలు, ఒక స్నాక్. రెండోది అసలు డైనింగ్ ప్లాన్: ఒక కౌంటర్ భోజనం, కూర్చోబెట్టి వడ్డించే టేబుల్ సర్వీస్ భోజనం ఒకటి, ఒక స్నాక్. రెండింటితోనూ ఒక మగ్గు ఇస్తారు. దాన్ని హోటల్లో ఎన్నిసార్లయినా నింపుకోవచ్చు, పార్కుల్లో మాత్రం కుదరదు. మీవారు మగ్గు చూసి మురిసిపోతే ఈ మాట చెప్పండి.

లెక్క రాత్రులకి కడతారని గమనించండి. 5 రాత్రులంటే పార్కుల్లో మీరు తిరిగేది 6 రోజులు కావచ్చు, భోజనాలు మాత్రం 5 రోజులకే వస్తాయి.

2024లో మళ్ళీ మొదలైనప్పుడు ధరలు ఇవి: క్విక్ సర్వీస్ పెద్దలకు రాత్రికి 57.01 డాలర్లు, 3 నుంచి 9 ఏళ్ళ పిల్లలకు 23.83. డైనింగ్ ప్లాన్ పెద్దలకు 94.28, పిల్లలకు 29.69. తర్వాత పెరిగాయి కాబట్టి మీ తేదీలకు బుకింగ్‌లో కనిపించే ధర పెట్టి లెక్క సరిచూసుకోండి. పాత ధరల ప్రకారమే అయినా మీ ఐదుగురికి డైనింగ్ ప్లాన్ 5 రాత్రులకు 1,711 డాలర్లు అవుతుంది.

ఇప్పుడు పెద్దవాళ్ళ ప్లేటు చూద్దాం. కౌంటర్ దగ్గర ఒక భోజనం సుమారు 14 డాలర్లు, కూల్‌డ్రింక్ 5 అనుకోండి. అలాంటివి రెండు, ఒక 7 డాలర్ల ఐస్‌క్రీమ్, అక్కడి 6.5 శాతం అమ్మకపు పన్ను కలిపితే 48 డాలర్లు. ప్లాన్‌కి కట్టింది 57. రోజుకి మనిషికి 9 డాలర్లు పోయినట్టే. అదీ మీరు ప్రతిపూటా కూల్‌డ్రింక్ తాగితేనే. కౌంటర్లలో ఐసు నీళ్ళు అడిగితే ఉచితంగా ఇస్తారు, మన ఇళ్ళలో సగంమంది అవే తాగుతారు. ప్లాన్‌లో 21 దాటినవాళ్ళకి భోజనంతో ఒక బీరో కాక్‌టెయిలో కూడా వస్తుంది. ప్లాన్ ధర కిట్టుబాటు అయ్యేది ఎక్కువగా అలా తాగేవాళ్ళకే. మీకు ఆ అలవాటు లేదన్నారు, అంటే పక్క టేబుల్ వాళ్ళ కాక్‌టెయిల్‌కి మీరు కొంత చందా కడుతున్నట్టు.

డైనింగ్ ప్లాన్ సంగతి ఇంకొంచెం చిక్కు. మామూలు టేబుల్ సర్వీస్ హోటల్లో ఒక ప్రధాన వంటకం, డెజర్ట్, డ్రింక్ కలిపి 40 డాలర్లనుకోండి. మిగతావి కలిపి పన్నుతో 70. కట్టింది 94. అదే మిక్కీ, డొనాల్డ్ వచ్చి టేబుల్ దగ్గర ఫొటో దిగే క్యారెక్టర్ బఫే అయితే పెద్దలకి 60 డాలర్ల పైమాటే. అప్పుడు రోజు ఖర్చు దాదాపు 94కి వస్తుంది, అంటే పెట్టిన డబ్బు తిరిగొచ్చినట్టు. అంతకుమించి లాభం లేదు. స్టార్టర్లు ప్లాన్‌లో రావు. సిండరెల్లా కోటలో భోజనం లాంటి వాటికి ఒకటి కాదు, రెండు టేబుల్ సర్వీస్ భోజనాలు (వాళ్ళ మాటలో క్రెడిట్లు) కోస్తారు.

పిల్లల దగ్గర కథ తిరగబడుతుంది. క్యారెక్టర్ బఫే పిల్లలకి సుమారు 40 డాలర్లు. అది ఒక్కటే 29.69 దాటిపోయింది. పైన ఒక కౌంటర్ భోజనం, ఒక స్నాక్ వచ్చినట్టు. అందుకే ఈ ప్లాన్ లాభమో నష్టమో తేల్చేది ఎంత తింటారన్నది కాదు, పిల్లలు ఎంతమంది, వాళ్ళు మిక్కీతో ఎన్నిసార్లు భోంచేయాలనుకుంటున్నారన్నది. 2026 ప్యాకేజీలకి, పెద్దవాళ్ళు ప్లాన్ కొంటే 3–9 ఏళ్ళ పిల్లల ప్లాన్ ఉచితమని డిస్నీ ప్రకటించింది. మీ తేదీలకి అది వర్తిస్తే మీవారి పక్షం బాగా బలపడుతుంది.

అయితే రోజూ క్యారెక్టర్ భోజనమంటే రోజూ గంటన్నర, రెండు గంటలు కుర్చీలో గడిచిపోతాయి. ఒక్కో పార్కు టికెట్ ఎంతో గుర్తుచేసుకోండి. టిప్పు ప్లాన్‌లో లేదు. ముగ్గురు పెద్దలు, ఇద్దరు పిల్లల బఫేకి మెనూ ధర 266 డాలర్లయితే 18 శాతం చొప్పున 48 డాలర్లు పర్సులోంచే ఇవ్వాలి. ప్లాన్ లేకపోతే మీరు ఆ బఫేకి రోజూ వెళ్ళేవాళ్ళే కాదు, ఆ టిప్పూ ఇచ్చేవాళ్ళు కాదు. ప్లాన్ కొన్నంత మాత్రాన టేబుల్ దొరుకుతుందన్న హామీ కూడా లేదు. రిజర్వేషన్లు 60 రోజుల ముందు తెరుచుకుంటాయి. డిస్నీ హోటల్ అతిథులు ఆ రోజే తమ బస మొత్తానికీ, 10 రోజుల వరకూ, బుక్ చేసుకోవచ్చు. ఆ తెల్లవారుజామున ఎవరు లేవాలో ముందే మాట్లాడుకోండి.

నా సలహా: మీ అత్తగారికి విడిగా గది తీసుకుంటున్నట్టయితే దాన్ని వేరే బుకింగ్‌గా చేయండి. ఒకే బుకింగ్‌లో 3 ఏళ్ళు దాటిన అందరూ ఒకే ప్లాన్ కొనాలన్నది నిబంధన. గుడ్డు ముట్టని ఆవిడ పేరు మీద రాత్రికి 94 డాలర్లు కట్టడం అనవసరం, తిన్నదానికి అక్కడికక్కడ కట్టేయొచ్చు. మీ నలుగురి విషయంలో, పిల్లల ప్లాన్ ఉచితంగా వస్తే డైనింగ్ ప్లాన్ తీసుకోండి. రాకపోతే మానేసి, రెండు క్యారెక్టర్ భోజనాలు మాత్రం డబ్బిచ్చి బుక్ చేసుకోండి. డబ్బు ముందే కట్టేస్తే అక్కడ బిల్లు చూసి గుండె దడదడలాడదన్న మీవారి మాటలో నిజముంది. దానికి రోజుకి వంద డాలర్లయినా ఇస్తానంటే అది ఆయన ఇష్టం, కానీ దాన్ని పొదుపు అనకూడదు.

ప్రశ్న: మాది తెనాలి. అమ్మాయి దగ్గరికి అమెరికా వచ్చాను. మా అల్లుడు డిస్నీకి అందరికీ భోజనం ప్లాన్ కొనేశాడు. నాకు మాంసం, చేప, గుడ్డు ఏదీ పనికిరాదు. నేను తినకపోతే కట్టిన డబ్బు వృథా అవుతుందని దిగులుగా ఉంది. పులిహోర చేసి పట్టుకెళ్తే గేటు దగ్గర ఆపుతారా?

జవాబు: అమ్మా, ఆపరు. డిస్నీ పార్కుల్లోకి బయటి తిండి తీసుకెళ్ళనిస్తారు. గాజు సీసాలు మాత్రం కుదరవు, కాబట్టి ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకోండి. విడి ఐసు ముక్కలు పెట్టనివ్వరు, గడ్డకట్టే ఐస్ ప్యాకులు పెట్టుకోవచ్చు. ఫ్లోరిడా ఎండ మన కోస్తా ఎండకి తీసిపోదు. పులిహోర నిలుస్తుంది, పెరుగన్నం మధ్యాహ్నానికే పులుస్తుంది.

వృథా గురించి బెంగ వద్దు. ఒకే బుకింగ్‌లోవాళ్ళ క్రెడిట్లు కుటుంబం మొత్తానికీ కలిపే ఉంటాయి. మీ స్నాకులు మనవల చేతికి ఐస్‌క్రీములై పోతాయి, అది ఎవరూ వృథా అనరు. భోజనాల సంగతి: మెనూలో ఆకు గుర్తు ఉంటే మాంసం, గుడ్డు, పాలు, తేనె ఏవీ లేవని. 2019 నుంచి ఈ గుర్తు పెడుతున్నారు. ఆకు లేని కూరగాయల వంటకంలో గుడ్డు ఉండొచ్చు, అడిగి తీరాలి. వేపుళ్ళకి నూనె వేరేనా అన్నదీ అడగండి. టేబుల్ సర్వీస్‌లో ముందుగా చెప్తే షెఫ్ స్వయంగా వచ్చి మాట్లాడటమూ మామూలే, మొహమాటపడకండి.

అల్లుడితో చెప్పి యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో ఒక సాయంత్రం పెట్టించుకోండి. అక్కడ బోమా అని ఆఫ్రికా వంటల బఫే ఉంది. పక్క భవనంలో సనా అని ఇంకోటి, ఆఫ్రికా వంటకి భారతీయ రుచులు కలిపినది. నాన్‌తో రకరకాల చట్నీలు ఇస్తారు, వాటికే పేరు. 1860 నుంచి మన తెలుగువాళ్ళు, తమిళులు చెరకు తోటల పనికి ఓడలెక్కి దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి వెళ్ళారు. ఆ ఖండపు వంటలో మన పోపు వాసన తగిలితే ఆశ్చర్యం లేదు. సనా కిటికీలోంచి జిరాఫీలు కనిపిస్తాయి. నాన్ మాత్రం స్టార్టర్ కింద అడిగితే విడిగా డబ్బు కట్టాల్సి రావచ్చు, అల్లుడికి ముందే చెప్పండి.

ప్రశ్న: రేపు హోటల్ ఖాళీ చేస్తున్నాం. ఇంకా 4 కౌంటర్ భోజనాలు, 7 స్నాకులు మిగిలాయి. డబ్బు వెనక్కిస్తారా?

జవాబు: ఇవ్వరు. ఖాళీ చేసే రోజు అర్ధరాత్రి దాకా చెల్లుతాయి, తర్వాత అయిపోయినట్టే. హాస్టల్ మెస్ బిల్లు లాంటిదే ఇదీ, తిన్నా తినకపోయినా డబ్బు పోయింది. రేపు పొద్దున టిఫిన్, మధ్యాహ్నం భోజనం కౌంటర్లలో కానిచ్చేయండి. స్నాకులకి ఐస్‌క్రీములు కొంటే కరిగిపోతాయి, కుకీలు, ప్యాకెట్ తినుబండారాలు చూసుకోండి, విమానంలో పిల్లలు తింటారు. యాప్‌లో ఎన్ని మిగిలాయో కనిపిస్తుంది, ఈ సంగతి మూడో రోజే చూసుంటే బాగుండేది.

ప్రశ్న: మేం శాన్ హోసే నుంచి కాలిఫోర్నియా డిస్నీలాండ్‌కి వెళ్తున్నాం. మాకూ ఇలాంటి ప్లాన్ తీసుకోమంటారా?
– ఇద్దరు పిల్లల తండ్రి

జవాబు: ఫ్లోరిడాలో లాగా రాత్రికింతని కట్టే ప్లాన్ అక్కడ లేదు. దాని అవసరమూ లేదు. 1955లో తెరిచిన ఆ పార్కు ఊరి మధ్యలో ఉంది. గేటు దాటి నడిస్తే హార్బర్ బులేవార్డ్ మీద మామూలు హోటళ్ళు బోలెడు. చేతి మీద ముద్ర వేయించుకోవాలా, టికెట్ స్కాన్ చాలా అని బయటికెళ్ళేముందు అడిగి, తిని మళ్ళీ లోపలికి రావచ్చు. కారుంటే ఆర్టీషియాలో పయనీర్ బులేవార్డ్ దాకా వెళ్ళండి. దాన్ని లిటిల్ ఇండియా అంటారు, ట్రాఫిక్ కరుణిస్తే అరగంట. రాత్రి బాణసంచా అయ్యాక వెళ్దామనుకుంటే మాత్రం హోటళ్ళు ఎన్నింటికి మూస్తారో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.