రంగుల కొయ్య, ర్యాంకుల పలక

ప్రశ్న: భన్‌పురిలోని రోలింగు మిల్లులో సూపర్‌వైజరును. పనివారికి పాయింట్లు, ర్యాంకుల పలక ఏర్పాటు చేసితిమి. తొలుత ఉత్సాహపడినవారే నేడు ముఖము చాటువేయుచున్నారు. ఏమి చేయవలెను?

జవాబు: ఈ క్రీడ క్రొత్తది కాదు. స్కాట్లండులోని న్యూ లానార్కు నూలుమిల్లుల నిర్వహణను 1800లో చేపట్టిన రాబర్టు ఓవెన్, నలుపు, నీలము, పసుపు, తెలుపు రంగులు నాలుగు ముఖములకు పూసిన చిన్న కొయ్యముక్కను ప్రతి పనివాని చెంతను వ్రేలాడదీయించి, నిన్నటి నడవడికి తగిన రంగు ఎదుటికి కనబడునట్లు త్రిప్పించుచుండెను. నలుపు అధమము, తెలుపు ఉత్తమము. తీర్పు అన్యాయమని తోచినవాడు నేరుగా ఓవెనుకే మొరపెట్టుకొనవచ్చును. అంతకంటె ముఖ్యముగా, ఒకని తెలుపు మరియొకని తెలుపును హరింపదు. మీ పలకపై ఒకడు ప్రథముడగుటకు మరియొకడు కడపటివాడు కాక తప్పదు.

ఇక పాయింట్లను టన్నులనుబట్టి యిచ్చుచున్నచో, కొలిమి చల్లబడినను, బిల్లెట్లు ఆలస్యమైనను తగ్గు టన్నులకు పనివాడేమి చేయును? రోలు మార్చిన ఫిట్టరునకు మీ లెక్కలో చోటున్నదా? ఎఱ్ఱగా కాలిన ఇనుము పరుగెత్తుచోట వేగమునకు పాయింట్లిచ్చుట ప్రమాదమును పిలుచుటయే. ప్రమాదము లేని నెలకు బహుమతి యన్నచో, కాలిన చేతిని దాచుకొందురు. ర్యాంకులను తొలగించి, బృందమునకు పాయింట్లిచ్చి, పొంచియున్న ప్రమాదమును ముందుగా తెలిపినవానిని షిఫ్టు మారువేళ నలుగురిలో పేరుపెట్టి మెచ్చుకొనుడు. జీతము ఆలస్యమైన నెలలో మాత్రము పతకములు పంచకుడు, నవ్విపోదురు.