బ్యాటరీ మీద నింద వేసే ముందు

సిద్దిపేట

బిడ్డకు పెద్దబాపు ఆశీర్వదించి రాసేది.

ఫోన్‌లో నువ్వు చెప్పిందంతా విన్నాను. పాత బొలెరో పికప్ కొని ఏడాది కూడా కాలేదు, తెల్లవారుజామున సెల్ఫ్ కొడితే టక్ టక్ అంటోంది తప్ప ఇంజన్ అందుకోవడం లేదు, మెకానిక్ బ్యాటరీ పోయిందన్నాడు, కొత్తది వేయించమంటావా అని అడిగావు. వేయించడం పెద్ద పని కాదు, అరగంటలో అయిపోతుంది. కానీ ముందు నేను అడిగే మాటకు జవాబు చెప్పు. పాతది ఎందుకు పోయింది? అది తెలుసుకోకుండా కొత్తది వేస్తే ఏడాది తిరక్కుండానే మళ్లీ ఇదే ఫోన్ చేస్తావు.

సెల్ఫ్ ఎక్కువసార్లు కొట్టడం వల్ల బ్యాటరీ పాడవుతుందని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూద్దాం. సెల్ఫ్ మోటారు తిరిగేటప్పుడు 300 ఆంపియర్లు లాగుతుందనుకో. వినడానికి పెద్ద అంకె. తిరిగేది మాత్రం రెండు సెకన్లే. గంటల్లోకి మార్చితే ఒక ఆంపియర్-అవర్‌లో ఆరో వంతు. బండి నాలుగు అడుగులు పడితే డైనమో దాన్ని తిరిగి నింపేస్తుంది. ఇప్పుడు రెండో లెక్క చూడు. నంగునూరు నుంచి టమాటా వేసుకుని వంటిమామిడి మార్కెట్‌కు పోయావు. వరుసలో నీ వంతు వచ్చేదాకా ఇంజన్ ఆపి పాటలు పెట్టుకున్నావు. క్యాబిన్‌లో నువ్వు బిగించిన ఆ పెద్ద సౌండ్ బాక్సు, దాని ఆంప్లిఫయర్ కలిసి 2 ఆంపియర్లు లాగినా నాలుగు గంటల్లో 8 ఆంపియర్-అవర్లు పోయినట్టే. అంటే 48 సార్లు సెల్ఫ్ కొట్టినంత. ఇక రాత్రంతా లైటు ఆరిపోకుండా ఉంటే ఏమవుతుందో నువ్వే వేసుకో.

ఇలా ఖాళీ అయిన బ్యాటరీలో సీసపు పలకల మీద సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే ఛార్జ్ చేస్తే కరిగిపోతుంది. మార్కెట్ లేని రోజుల్లో బండిని వారం పాటు అలాగే చెట్టుకింద వదిలేస్తే గట్టిపడి, ఆ తర్వాత ఎంత ఛార్జ్ ఎక్కించినా కరగదు. నా చూపులో పడిన పికప్ బ్యాటరీల్లో చాలావాటి చావు ఇదే.

రెండో శత్రువు మన ఎండ. మే నెలలో సిద్దిపేటలో 42, 43 డిగ్రీలు మామూలు. బానెట్ కింద ఇంకా ఎక్కువ. వేడి పది డిగ్రీలు పెరిగితే లోపలి రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుంది. పలకలు తొందరగా తుప్పు పడతాయి, నీళ్లు ఆవిరైపోతాయి. అయినా ఎండాకాలంలో బండి స్టార్టవుతూనే ఉంటుంది, ఇంజన్ ఆయిల్ పల్చగా ఉంటుంది కదా. పుష్యమాసం తెల్లవారుజామున ఆయిల్ చిక్కబడి, సెల్ఫ్‌కు బలం ఎక్కువ కావాల్సి వచ్చేసరికి అసలు సంగతి బయటపడుతుంది. చంపింది ఎండ, నింద చలికి. డీజిల్ ఇంజన్‌కు కంప్రెషన్ ఎక్కువ కాబట్టి మనకు ఇది ఇంకా తొందరగా తెలుస్తుంది.

అందుకే ఒక డిజిటల్ మల్టీమీటర్ కొను. కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. రాత్రంతా బండి నిలిపి, పొద్దున తాళం తిప్పకముందే బ్యాటరీ రెండు కొనల మీద పెట్టి చూడు. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 దగ్గరికి వచ్చిందంటే దాదాపు అడుగంటినట్టే. ఆ తర్వాత ఒకరిని సెల్ఫ్ కొట్టమని మీటర్ చూస్తూ ఉండు. నిండా ఛార్జ్ అయి ఉన్న బ్యాటరీ సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతే ఇక దాని పని అయిపోయింది. ఇంజన్ అందుకున్నాక మూడోసారి చూడు. 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. లేదంటే తప్పు డైనమోది, లేదా దాని బెల్టు వదులైంది. అప్పుడు ఎంత ఖరీదైన బ్యాటరీ వేసినా దండగే. 15 దాటుతుంటే రెగ్యులేటర్ చెడి బ్యాటరీని ఉడకబెడుతున్నట్టు.

ఒక మాట గట్టిగా చెప్తున్నా. ఇంజన్ నడుస్తుండగా టెర్మినల్ పీకి, బండి ఆగకపోతే డైనమో బాగున్నట్టే అని తేల్చే పాత మెకానిక్‌లు ఇప్పటికీ ఉన్నారు. నీ బండి మీద ఆ పని చెయ్యనివ్వకు. పీకిన క్షణంలో వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిరి కంప్యూటర్ బోర్డు కాలిపోవచ్చు. ట్రాలీకి వెల్డింగ్ చేయించే ముందు కూడా మైనస్ తీసి పక్కకు పెట్టించు. వెల్డింగ్ షాపువాళ్లు నవ్వితే నవ్వనీ.

మూడు అంకెలూ బాగుండి కూడా బండి సతాయిస్తుంటే రెండు చోట్ల వెతకాలి. మొదటిది టెర్మినల్. క్లాంపు కింద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటే కరెంటు దాటదు. వేడి నీళ్లలో తినేసోడా కలిపి పోస్తే ఆ పొడి బుసబుసమని కరిగిపోతుంది. సోడా నీళ్లు మూతల సందుల్లోంచి లోపలికి పోకుండా చూడు, లోపల యాసిడ్ చచ్చిపోతుంది. ఉప్పుకాగితంతో రుద్ది మెరిసేలా చేసి, ముందు క్లాంపు బిగించి ఆ తర్వాత పైన వాసెలిన్ పూయి. ఇంజన్‌కు, ఛాసిస్‌కు పోయే ఎర్త్ వైరు కూడా విప్పి తుడువు, దాన్ని ఎవరూ పట్టించుకోరు. రెండోది దొంగతనంగా పోయే కరెంటు. తాళం తీసేసి, మైనస్ కేబుల్‌కు, బ్యాటరీకి మధ్య మీటర్‌ను 10 ఆంపియర్ల గుర్తు మీద పెట్టి కలుపు. ఆ సమయంలో సెల్ఫ్ మాత్రం కొట్టొద్దు, మీటర్ కాలుతుంది. 50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే పర్వాలేదు. ఎక్కువుంటే ఒక్కో ఫ్యూజు పీకుతూ పో. ఏది పీకితే అంకె పడిపోతుందో దొంగ ఆ లైనులోనే ఉన్నాడు. నీ విషయంలో ఆ సౌండ్ బాక్సు మీదే నా అనుమానం.

నీళ్లు పోసే రకమైతే నెలకోసారి, ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి మూతలు తీసి చూడు. పలకలు మునిగి పైన ఒక సెంటీమీటరు నిలవాలి. పోయాల్సింది డిస్టిల్ వాటర్ ఒక్కటే. మిషన్ భగీరథను 2016లో మన గజ్వేల్ పక్కనే కోమటిబండలో మొదలుపెట్టారు, ఆ నీళ్లు మనిషి తాగడానికి మంచివి. బ్యాటరీ తాగడానికి పనికిరావు, ఉప్పులు ఉంటాయి. బోరు నీళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఆర్వో ప్లాంటు డబ్బా కూడా వద్దు. యాసిడ్ అసలే పోయకు. ఆవిరయ్యేది నీళ్లు, యాసిడ్ లోపలే ఉంటుంది. మూతలు తీసినప్పుడు, ఛార్జింగ్ పెట్టినప్పుడు హైడ్రోజన్ వస్తుంది, పక్కన ఎవరూ బీడీ ముట్టించకూడదు. నీళ్లు పోయక్కర్లేని సీల్డ్ రకానికి పైన పచ్చగా కనిపించే కన్ను ఉంటుంది. అది ఆరు సెల్లుల్లో ఒక్కదాని సంగతే చెప్తుంది, దాన్ని నమ్మి మీటర్ మానకు.

ఇంత చూశాక నిజంగానే బ్యాటరీ పోయిందని తేలితే కొను. ఏ కంపెనీ అని అడిగావు. గల్లా రామచంద్ర నాయుడు 1985లో పెట్టిన అమరరాజా మన తెలుగువాళ్లది, తిరుపతి దగ్గర కరకంబాడిలో అమరాన్ బ్యాటరీలు చేస్తారు. ఎక్సైడ్ కూడా మంచిదే. నా మటుకు పేరు కంటే తయారైన తేదీ ముఖ్యం. ఏడాదిగా అరలో కూర్చున్న మంచి కంపెనీ బ్యాటరీ కంటే నిన్నమొన్న వచ్చిన మామూలుది మేలు. పాతదాని మీద 80డీ26ఆర్ లాంటి నంబరు ఉంటుంది. మొదటి అంకె బలం, డీ అనేది వెడల్పు ఎత్తుల గుర్తు, 26 పొడవు సెంటీమీటర్లలో, చివరి అక్షరం ప్లస్ ఏ వైపు ఉందో చెప్తుంది. ఆ అక్షరం మారితే కేబుల్ అందదు. లాగి అందించబోయి ప్లస్, మైనస్ తారుమారైతే డైనమో డయోడ్లు పోతాయి. వారంటీ కార్డు మీద బండి నంబరు, తేదీ, దుకాణం ముద్ర అక్కడే వేయించుకో. మొదటి కొన్ని నెలలు ఉచితంగా మారుస్తారు, ఆ తర్వాత నెలల్లో ధరలో కొంత తగ్గింపు మాత్రమే ఇస్తారు. రెండూ విడివిడిగా అడుగు.

మార్చేటప్పుడు చేతి కడెం, ఉంగరం తీసెయ్యి. ముందు మైనస్ విప్పు, ఆ తర్వాత ప్లస్. బండి ఇనుమంతా మైనస్‌తోనే కలిసి ఉంది. ముందు ప్లస్ విప్పబోతే పానా బాడీకి తగిలి నిప్పులు చిమ్ముతాయి. బిగించేటప్పుడు దీనికి తిరగేసి ప్లస్ ముందు, మైనస్ చివర. ట్రే కడిగి ఆరబెట్టి, పైపట్టీ కదలకుండా బిగించు. మట్టిరోడ్ల మీద అదిరే బండిలో వదులుగా ఉన్న బ్యాటరీ పలకలు లోపలే విరిగిపోతాయి.

దారిలో ఎక్కడైనా ఆగిపోతే ట్రాక్టర్ నుంచి కరెంటు తీసుకో, అదీ 12 వోల్టులే. లారీని అడగకు, పెద్ద లారీలకు రెండు బ్యాటరీలు కలిపి 24 ఉంటుంది. ప్లస్‌కు ప్లస్ కలిపి, చివరి క్లిప్పును నీ బ్యాటరీ మైనస్ మీద పెట్టకుండా ఇంజన్ ఇనుముకు తగిలించు.

పాత బ్యాటరీని పాత సామాన్ల బండివాడికి ఇవ్వకు. ఊరి బయట పొయ్యి పెట్టి సీసం కరిగిస్తారు, యాసిడ్ మోరీలో పోస్తారు. ఆ పొగ పిల్లల మెదడును చెరుపుతుంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారుల మీదే పెట్టాయి. కొన్న దుకాణంలోనే ఇచ్చి, దాని విలువ బిల్లులో తగ్గించి రాయించుకో.

ముందు ఆ సౌండ్ బాక్సు వైరు పీకు. ఆదివారం లోపు మూడు అంకెలు నాకు ఫోన్‌లో చెప్పు: పొద్దున తాళం తిప్పకముందు ఎంత, సెల్ఫ్ తిరిగేటప్పుడు ఎంత, ఇంజన్ నడుస్తుంటే ఎంత. అవి విన్నాకే కొత్తది కొనాలో వద్దో చెప్తాను.

ఇట్లు,
మీ పెద్దబాపు