పాత మోటారుసైకిలునకు కొత్త స్ప్రింగులు, కొత్త కార్బ్యురేటరు

కాశీబుగ్గ బజారునందుగాని టెక్కలి కూడలియందుగాని పాత బుల్లెట్టు పోవుచున్నప్పుడు ఆ చప్పుడు విని తల త్రిప్పి చూడని విద్యార్థి యుండడు. తండ్రులును తాతలును నడిపి విడిచిన అట్టి బండ్లు ఉద్దానపు గ్రామములలో ఇంకను అక్కడక్కడ పాకలలో నున్నవి. వానిని పైకి దీసి, వెడల్పైన కార్బ్యురేటరును, గట్టి స్ప్రింగులను వేయింపవలెనని మన పై తరగతుల బాలురకు గల ఉబలాటమును మేమెఱుగుదుము. ఆ కోరిక తప్పని మేమనము. కాని ఈ రెండు మార్పులకును లెక్క యున్నది. ఆ లెక్క చూడక చేసినచో ధనము పోవుటయే గాక ప్రాణమునకును అపాయము కలుగవచ్చును.

బుల్లెట్టను పేరు 1932లో ఇంగ్లండునందలి రాయల్ ఎన్‌ఫీల్డు కంపెనీవారు పెట్టినది. 1955లో మద్రాసు మోటార్సువారు ఆ కంపెనీతో కలియగా ఎన్‌ఫీల్డు ఇండియా ఏర్పడెను. చెన్నపట్టణమునకు దాపుననున్న తిరువొత్తియూరునందు ఈ బండ్లు తయారగుచు వచ్చెను. అంతకు పూర్వము పెక్కు మోటారుసైకిళ్ల వెనుక చక్రము ఫ్రేమునకే బిగింపబడి యుండెడిది. కూర్చున్నవానికి సీటు క్రింది స్ప్రింగులే దిక్కు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము వచ్చిన బుల్లెట్టున వెనుక చక్రమునకును స్ప్రింగులు, నూనెతో పనిచేయు షాక్ అబ్జార్బరులు అమర్చబడెను. మన మెకానిక్కులు వీనినే షాకప్సర్లందురు.

స్ప్రింగు కుదుపును మ్రింగివేయునని పలువురి తలంపు. అది సరికాదు. స్ప్రింగు అణగినప్పుడు శక్తిని దాచుకొని, మరల అంతయు తిరిగి యిచ్చును. దానిని చల్లార్చునది నూనె. పిస్టను నూనెను సన్నని రంధ్రముల గుండ త్రోయగా ఊపులోని శక్తి వేడిగా మారును. నూనె కారిపోయిన బండి స్పీడుబ్రేకరు దాటిన పిమ్మట మూడు నాలుగు మారులు ఊగుట మీరు చూచియే యుందురు. అట్టి బండికి గట్టి స్ప్రింగు వేసినచో ఊపు ఆగదు సరిగదా, మఱింత చురుకుగా ఊగును. సీటును బలముగ నొక్కి విడువుడు. ఒక్కసారి లేచి నిలిచినచో నూనె పని చేయుచున్నదని యర్థము.

స్ప్రింగు గట్టిదనము తీగ వ్యాసముయొక్క నాలుగవ ఘాతము ననుసరించును. చుట్ల సంఖ్యయు, చుట్టల వ్యాసమును మారక, తీగ మాత్రము 7 మిల్లీమీటర్లనుండి 8 మిల్లీమీటర్లకు లావైనచో గట్టిదనము సుమారు 1.7 రెట్లగును. కంటికి తెలియని ఆ ఒక్క మిల్లీమీటరు బండి స్వభావమునే మార్చివేయును.

జాతీయ రహదారిపై అది అంతగా తెలియకపోవచ్చును. కాని వజ్రపుకొత్తూరు, మందస, కవిటి ప్రాంతములలో కొబ్బరి, జీడి తోటల నడుమ ఇసుక బాటలపై గట్టి స్ప్రింగుల చక్రము నేల నంటక ఎగురును. పలాస వర్తకమున జీడిపిక్కల బస్తా లెక్క 80 కిలోలు. ఒంటిగా పోవువానికి సరిపడు స్ప్రింగు ఆ బస్తా కెక్కగనే అడుగంటును. బస్తాకు సరిపడునది ఒంటివానిని ఎగురవేయును. కావున బిగింపు తగ్గించి హెచ్చించు మెట్లు గల షాక్ అబ్జార్బరులే మేలు. వెనుక కూర్చుండునది బస్తాయే కాదు. ఉద్దానమున మూత్రపిండముల వ్యాధిగలవారు డయాలసిస్సుకై పలాసకో సోంపేటకో మోటారుసైకిలు వెనుక కూర్చుండి పోవుట మనము చూచుచున్నదే. మెట్టు మార్చు రెండు నిమిషముల పని అట్టివారికి ఎంత ఉపశమనమో చెప్పనక్కరలేదు.

బండి వెనుకభాగము ఎత్తుగ కనబడవలెనని పొడవాటి షాకప్సర్లు వేయించువారు కలరు. ఇది మాకు సుతరామును నచ్చదు. వెనుక లేచినచో ముందరి ఫోర్కు నిటారగును; చక్రము తనంత తాను తిన్నగ పోవు గుణము తగ్గును; గొలుసు బిగువు మారును. స్టాండు కూడ అందక బండి ప్రక్కకు పడును.

ఇక కార్బ్యురేటరు. 346 ఘన సెంటీమీటర్ల బుల్లెట్టు ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరిగినచో 1500 మారులు గాలిని పీల్చును. అనగా అధికపక్షము 519 లీటర్లు. ఈ గాలి ఇఱుకు గొట్టమున వేగముగ పోవునప్పుడు అచ్చట పీడనము తగ్గి, జెట్టుగుండ పెట్రోలు పైకి వచ్చును. 350 బుల్లెట్టునకు చాలకాలము వచ్చిన కార్బ్యురేటరు గొట్టము 24 మిల్లీమీటర్లది. దానికి 28 మిల్లీమీటర్లది వేసి పూర్తిగ తెరచినచో, అదే గాలికి వేగము తగ్గి, పెట్రోలును లాగు బలము సుమారు సగమునకు దిగును. ఇచ్చటను నాలుగవ ఘాతమే! హెచ్చు చుట్లలో కొంత లాభమున్నను, ఇసుకలో రెండవ గేరున మెల్లగ పోవునప్పుడు ఇంజను దగ్గి ఆగుటయే ఫలము.

గొట్టము కన్న జెట్టును చూచుకొనుట ముఖ్యము. ఒక భాగము పెట్రోలు సంపూర్ణముగ మండుటకు తూకమున 14.7 భాగముల గాలి కావలెను. 2025 నాటికి మన దేశమున పెట్రోలునందు 20 శాతము ఎథనాలు కలియుచున్నది; అట్టి యింధనమునకు సుమారు 13.5 భాగములు చాలును. పాత జెట్టుతో మిశ్రమము పలుచనై ఇంజను వేడెక్కును. కొత్త బండ్ల ఇంజెక్షను దీనిని తానే సరిదిద్దుకొనును. కార్బ్యురేటరు ఆ పని ఎఱుగదు. ఎథనాలు నీటిని పీల్చును, పాత రబ్బరును ఉబ్బించును. నౌపడ ఉప్పుమళ్ల మీదుగ వచ్చు తడిగాలిలో నెలల తరబడి నిలిపిన బండి ఫ్లోటు గిన్నె పాడగుటకు ఇదియు నొక కారణము. నిలుపునప్పుడు గిన్నె ఖాళీ చేయుడు. జెట్టు ఒక్కొక్క అంకె చొప్పున మార్చి, ప్లగ్గును తీసి చూడుడు: లేత గోధుమరంగు సరి, తెలుపైన పెట్రోలు చాలదు, మసియైన హెచ్చు. చప్పుడు గంభీరముగ నుండునని గాలి ఫిల్టరును తీసివేయుట మాత్రము ఉద్దానపు ఇసుకలో ఇంజనును ఆకురాయితో రాచుటయే.

చట్టము మాట. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను వాహనపు మౌలిక లక్షణమును మార్చు నిర్మాణపు మార్పులను అడ్డగించును. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారము 50 ఏండ్లు దాటిన బండికి వీఏ అక్షరములు గల ప్రత్యేక సంఖ్య దొరకును. కాని అది తొలి రూపముననే యుండవలెను. తాతగారి బండికి ఆ గౌరవము కోరువారు ఫ్రేమును కోయింపరాదు. తీసిన పాత భాగములను నూనె గుడ్డలో చుట్టి దాచవలెను.

అన్నింటికన్న ముందు బ్రేకులు, టైర్లు. పిదప ఫోర్కు నూనె. ఆ పిదపనే తక్కినవి. విప్పుటకు ముందు జెట్టుపైనున్న అంకెను నోటుపుస్తకమున వ్రాసికొనుడు. పాత స్ప్రింగును, కొత్తదానిని భౌతికశాస్త్ర ప్రయోగశాలకు తెచ్చినచో వెర్నియరుతో తీగ లావు కొలిచి, గట్టిదనము ఎన్ని రెట్లో అచ్చటనే లెక్కగట్టవచ్చును.